ఏడో నెంబరు ఇంట్ల మగ్గం గుంట

మానేరు వాగు మా సాలోల్ల వాడ మీదికి వచ్చిన ఏడు అది. అంతకుముందు వాగు ఎంత వచ్చినా వాడ మొగకాడి రాయిని తాకి మర్లిపోయేది. ఆ ఏడు ఇండ్లల్లకు వచ్చింది. పోలీస్ యాక్షన్ అయి పదేండ్లు దాటింది, హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయింది. మాకు మాత్రం వాగు రాకముందు, వాగు వచ్చినంక, రెండే కాలాలు.

సాలోని మగ్గం నేల మీద ఉంటది, మనిషి కాళ్లు గుంటల ఉంటయి. ఇంట్లనే మోకాలి లోతు గుంట తవ్వి, దాంట్ల కాళ్లు పెట్టి కూసోని నేస్తడు. నీళ్లు రాంగనే ముందు గుంటలు నిండినయి. తర్వాత గోడలు కూలినయి. మా ఇంటివి రెండు గోడలు పోయినయి.

ఆ గోడలు మళ్ల లేపింది నా భార్య చంద్రవ్వ. మన్ను తొక్కింది, గడ్డి కలిపింది, ముద్దలు మోసింది, వరుస మీద వరుస పెట్టింది. నేను మగ్గం కట్టెలు విప్పి ఎండకు పెట్టి కావలి కూసున్న. నా తల్లి, మా అవ్వ బాలవ్వ అరుగు మీద కూసోని చూస్తుండె. "గోడ పెట్టుడు కూడ ఒక పనేనా? పోరగాండ్లు ఆడుకునే బురద" అన్నది. చంద్రవ్వ ఇంకో ముద్ద ఎత్తింది. నేను కట్టెలు మర్లేసిన.

ఆమె లోపల ఏం నడిచేదో నాకు అప్పుడు తెల్వది. ఏండ్ల మీద ఒక్కొక్కటి చెప్పింది. చెప్పినట్టే పెడ్తున్న.

ముద్ద మీద ముద్ద పెట్టుకుంట అనుకునేదట: ఈ గోడ నాదేనా? మన్ను దొరది. ఈ వాడంత దొర భూమి మీద ఉన్నది. మా మామ, మామ తండ్రి, ఏటేట దొర గడికి బట్ట ఊరికే నేసిచ్చి ఈడ ఉన్నరు. పోలీస్ యాక్షన్ అయిననాడు అందరు సంబురపడ్డరు, ఇగ ఎవని ఇల్లు వానిదే అన్నరు. చట్టం వచ్చింది. దొర భూమిల నాగలి పట్టినోనికి కాయితం వచ్చింది. అదే భూమి మీద మూడు తరాలు గుంటల కూసున్నోనికి రాలే. చట్టం రాసినోళ్లు నాగలిని చూసిండ్రు గని మగ్గాన్ని చూడలే. మగ్గమే కనబడనోళ్లకు మగ్గం పక్కన రాట్నం తిప్పే ఆడిది కనబడ్తదా? చట్టం భయానికి దొర వాడ జాగ మొత్తం అంబదాస్ సావుకారుకు అమ్ముకోని హైదరాబాదు పోయిండు. మనుషులు లోపల ఉండంగనే ఇండ్ల కింద నేల అమ్ముడువోయింది, ఒక్కల్ని అడుగలే. సావుకారు మా కులపోడే. నూలు ఆయనే ఇస్తడు, బట్ట ఆయనే తీసుకుంటడు, ఇప్పుడు కాళ్ల కింద మన్ను కూడ ఆయనదే. దొరకు ఏడాదికోసారి దండం పెడ్తే ఒడిసేది, ఈయనకు దినాం పెట్టాలె. ఆయన మనిషి ఏ పొద్దుకంటే ఆ పొద్దుకు బట్ట ఎంత నేసిండ్రో చూస్తనని లోపలికి వచ్చేది. ఆడిదాన్ని, నేను దడి సాటుకు నీళ్లు పోసుకుంటున్నా ఆగకపోయేది. "సావుకారు ఇల్లే కదా" అని నవ్వేది.

ఇంకో మాట కూడ ఆమె లోపల ఉండె. నేసేది మొగోడు అంటరు. పొద్దుగాల లేస్తే నూలుకు గంజి పెట్టాలె, ఎండపెట్టాలె, పడుగుకు ఆసు పొయ్యాలె, నాడెల పెట్టెటందుకు రాట్నం మీద నూలు కండెలు చుట్టాలె. గుంటలున్న మనిషి "కండె" అని చెయ్యి చాపుతడు. పేరు పిలువడు, మొకం చూడడు. ఆ చేతిల కండె పడాలె. బిడ్డకు పాలిచ్చుకుంటున్నా పడాలె. ఎవలన్న వచ్చి, నీ పెండ్లాం ఏం చేస్తది అంతయ్యా అని అడిగితే, "ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది" అంటడు.

అట్ల అన్నది నేనే.

దసరా ముందర ఊర్ల మాట పుట్టింది. ఇండ్లు కూలిన సాలోల్లకు సర్కారు పైన మొరం గడ్డ మీద ఇరువై నాలుగు ఇండ్లు కట్టిస్తదట. లెక్క ఒక్కటే. ఒక గుంటకు ఒక ఇల్లు. ఒక పేరు ఒక్కసారే ఎక్కుతది.

ఆ మాట విన్నకానుంచి చంద్రవ్వ మనిషి మారింది. ఆ ఇంట్లనే కూసోని పాటలు పాడుకుంటుండె. ఒకనాడు నన్ను అడిగింది, "ఆ ఇండ్లకు తలుపు లోపలికెల్లి గొళ్లెం పెడ్తరా?"

"ఇల్లంటే పెట్టరా?" అన్న.

"మనదానికి లేదు కదా" అన్నది.

గుంటలు లెక్క పెట్టెటందుకు సర్కారు గిర్దావర్ సాబు ఐతారం వస్తడని చాటింపు అయింది. మా దాంట్ల ఒక పట్టింపు ఉన్నది. మగ్గం ఎత్తిన గుంట నోరు తెరిచి ఉండొద్దు, పీనుగను పెట్టే బొందతోని సమానం. మళ్ల మగ్గం వేసెదాక మన్ను నింపి, అలికి, ముగ్గేసి పెడ్తరు. ఇంటికి కొత్త మనిషి వస్తుంటే అయితే అసలే తెరిచి ఉండొద్దు. మా మగ్గం కట్టెలు ఇంకా ఎండల్నే ఉన్నయి, గుంట తెరిచే ఉన్నది.

ఐతారం పొద్దుగాల మా అవ్వ అన్నది, "సర్కారు మనిషి గడప తొక్కుతుంటే బొంద చూపెడ్తవానే? పూడ్చి అలుకు."

చంద్రవ్వ పూడ్చింది. ఎర్రమన్ను, పెండ కలిపి అద్దం లెక్క అలికింది. నడుమ పద్మం ముగ్గు వేసింది. నేను ఇంట్ల లేను. సావుకారు పసుల కొట్టంల పని ఉండె.

గిర్దావర్ సాబు గడప కాన్నే నిలబడ్డడు. చేతిల ఛత్రి, ఎనుక రాసుకునే మనిషి.

"గుంట ఏది?"

"ఇదే సాబు. ముగ్గు కింద ఉన్నది."

ఆయన నవ్విండు. "ముగ్గు మంచిగున్నదమ్మా. గుంట కనబడ్తలేదు. ఇంటాయన ఏడి?"

"పనికి పోయిండు. జర ఆగుండ్రి, తవ్వి చూపెడ్త."

"ఆడోళ్ల మాట మీద రాసుకోవద్దని హుకుం ఉన్నది. ఇంటాయన వస్తే పంపు."

ఆమె మోకాళ్ల మీద కూసోని పొద్దుగాల అలికిన నేలను చేతులతోని పెకిలించింది. పార ఏడున్నదో యాదికి రాలేదట. గోర్ల సందులకెల్లి నెత్తురు వచ్చింది. మోచెయ్యి లోతు తీసి తలెత్తి చూసే వరకు సాబు రెండిండ్ల అవతలికి పోయిండు. రాసుకునే మనిషి కాయితంల మా ఇంటి ముందట సున్న చుట్టుకోని ఉరికిండు.

ఆనాడే సావుకారు పసుల కొట్టంల తొమ్మిది గుంటలు లెక్కకు వచ్చినయి. పసులు బయట కట్టేసి ఉన్నయి. గుంటల అంచులు పచ్చిగ ఉన్నయి. మొన్న తవ్వినయని వాడ మొత్తానికి ఎరుకే. ఒక్కలు నోరు తెరువలే. అందరి నూలు ఆ గడప దాటే రావాలె.

నేను పొద్దుమీకి ఇంటికి వచ్చిన. మా అవ్వ అరుగు మీదికెల్లే అందుకున్నది. "రా బిడ్డా, నీ పెండ్లాం ఇల్లు పూడ్చి పెట్టింది, చూస్తువు రా."

"నువ్వే కదా అత్తా అలుకుమన్నది!"

"నేనంటే నీకు తెలివి ఉండొద్దా?"

చంద్రవ్వ నా దిక్కు చూసింది. నేను కాళ్లు కడుక్కుంట అన్న, "నీ చేతులు జర ఊకుంటే ఏం పోయేది?"

ఆ మాట నేను మూడేండ్లు అన్న. వాన పడి కప్పు కారినప్పుడల్ల అన్న. సావుకారు మనిషి చెప్పకుంట లోపలికి వచ్చినప్పుడల్ల అన్న. వాడ ఆడోళ్లు నీళ్ల బాయి కాడ పరాచికం ఆడేది. "మా వాకిట్ల సాన్పి సల్లెటందుకు రాకు తల్లీ, ఉన్న గుంట పోతది." నవ్వేటోళ్లు నవ్వేది. ఆమె కూడ నవ్వేదట, నవ్వకపోతే ఇంకో మాట అంటరని.

ఆ మూడేండ్లు ఆమెకు తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. కడవ ఎత్తినా పగులుతదేమో అనుకునేది. పొయ్యి అలుకుకుంట అలుకుకుంట చెయ్యి ఆపి చూసుకునేది, దీని కింద ఇంకేమన్న పూడుస్తున్ననా అని. బిడ్డకు జ్వరం వస్తే, ఇల్లు లేకనే వచ్చింది, ఇల్లు లేంది నా మూలంగనే అనుకునేది. నడిజాము దాక రాట్నం తిప్పేది. అన్నం వండితే ముందు మాకు పెట్టి, అడుగున మాడింది తను తినేది, శిక్ష పడ్డదాని లెక్క. నేను చూసిన. ఎందుకట్ల అని అడుగలే.

వాగు వచ్చిన మూడో ఏడు గడ్డ మీద ఇండ్లు లేసినయి. నూలు సరిగ రాక చంద్రవ్వ ఆడికి కూలికి పోయింది. హమీద్ మేస్త్రి ఆమెకు నేల పని చెప్పిండు. ఆమె బండలు పరిచి సందులు పూస్తే నీళ్ల చుక్క నిలువది. "అక్కా, నీ చేయి ఖుదా ఇచ్చిన చేయి" అనేటోడట. ఆ మాట విని ఆమె కండ్లల్ల నీళ్లు తీసిందట. ఆయన పరేషాన్ అయిండు, నేనేమన్న తప్పన్ననా అని.

ఆ ఇండ్లల్ల మగ్గం పట్టది. నేలంత షాబాదు బండ. పొడుగు తక్కువ, పడుగు చాపెటందుకు జాగ లేదు. చంద్రవ్వ మొదటి దినమే అడిగింది, "తమ్మీ, గుంటలు ఏడ తీస్తరు?"

హమీద్ నవ్విండు. "నక్షా గీసినాయన మగ్గం చూడలే అక్కా, గుర్రాల కొట్టం చూసిండు. అయినా మగ్గమోళ్లు ఎవరు వస్తుండ్రు? పోస్టు మాస్టరు వచ్చి చూసుకోని పోయిండు. బడి సారు వచ్చి చూసుకోని పోయిండు. అందరు సావుకారునే కిరాయి అడుగుతుండ్రు."

సర్కారు పెద్ద సాబు వచ్చి తాళంచెవులు ఇచ్చుడు రేపనంగ, హమీద్ తలుపుల మీద నీలి రంగుతోని పేర్లు రాస్తుండు. చేతిల కాయితం, పెద్దగ సదువుకుంట రాస్తుండు. చంద్రవ్వ ఏడో నెంబరు ఇంట్ల కడపటి బండ సందులు పూస్తున్నది.

"ఏడో నెంబరు. అంతయ్య, తండ్రి రాజన్న. గుంట ఒకటి."

ఆమె చెయ్యి ఆగింది. "ఏ అంతయ్య తమ్మీ?"

"మన అంతన్ననే అక్కా! మీ మామ పేరు రాజన్ననే కదా. ముబారక్! నీ ఇంటి నేల నువ్వే చేసుకుంటున్నవ్, నాకొక్క మాట చెప్పలే!"

"ఇంకోపారి సదువు."

సదివిండు.

"గుంట ఏడ ఉన్నదని రాసిండ్రు?"

హమీద్ కాయితం దగ్గరికి పెట్టుకున్నడు. మొకం మీద నవ్వు పోయింది. "అంబదాస్ సావుకారు కొట్టం. నాలుగో గుంట."

ఆమె చేతిల తడి సున్నం ఉన్నది. కాలుతున్నది. దించాలన్న సోయి లేదు. "అక్కా, చెయ్యి!" అని హమీద్ మొత్తుకుంటే అప్పుడు చూసుకున్నది. అయినా లేవలే. ఉన్న సందులు పూసుడు అయిపోగొట్టింది. చేతులు కడుక్కున్నది. తలుపు దగ్గరికి వేసి చూసింది. లోపలికెల్లి గొళ్లెం ఉన్నది. పెట్టింది. కొద్దిసేపు లోపల ఒక్కతే నిలబడ్డది. తీసింది. ఇంటికి వచ్చింది.

నేను గుంటల ఉన్న. "కండె" అని చెయ్యి చాపిన. చేతిల ఏం పడలే. తలెత్తి చూసిన.

"ఏడో నెంబరు ఇల్లు ఎవలది?" అన్నది.

నాడె చేతిల్నే ఆగింది.

"నిన్నే."

"సావుకారుది."

"పేరు?"

"పేరు నాది. ఇల్లు ఆయనది."

"కాయితం మీద ఏలుముద్ర ఎప్పుడు పెట్టినవ్?"

"వాగు వచ్చిన ఏడు."

"ఏ దినం?"

నేను నేల చూసిన. ఆమె పోలే.

"బేస్తారం" అన్న.

"గిర్దావర్ వచ్చింది?"

"ఐతారం."

ఆమె సున్నానికి పొక్కిన ఏండ్లు ఒక్కొక్కటి మడిచింది. "బేస్తారం. శుక్రారం. శనారం. ఐతారం." నాలుగో ఏలు మీద ఆగింది. "నేను అలికింది ఐతారం పొద్దుగాల."

మా అవ్వ అరుగు మీద తమలపాకు నములుడు ఆపింది.

"ఒక పేరు ఒక్కసారే ఎక్కుతది. అంటే నేను అలుకకపోయినా ఇల్లు మనకు దక్కేది కాదు, రాకపోవు."

"రాకపోవు."

"బాయి లెక్క తవ్వి చూపెట్టినా రాకపోవు."

"రాకపోవు."

"నీకు ఎరుకే."

"ఎరుకే."

"ఆ కొట్టంల గుంటలు ఎవలు తవ్విండ్రు?"

"తొమ్మిదిట్ల నాలుగు నేనే తవ్విన" అన్న. "పేరియ్యకపోతే నూలు ఆపుతనన్నడు. నూలు ఆగితే ఏం తింటం?"

ఆమె అరువలే. అరుస్తదనుకున్న. గోడను పట్టుకోని కూసున్నది. తను లేపిన గోడే.

"నూలు ఆగితే ఏం తింటమో నాకు తెల్వదా? నన్ను అడిగితే నేను కూడ పెట్టుమందునేమో. బిడ్డ కడుపు నాకు కనబడదా? నన్ను అడుగకపోతివి. అడుగకపోతే పోయె. తప్పు తెచ్చి నా చేతుల పెడ్తివి. మూడేండ్లు మోసిన. మోస్తుంటే చూసుకుంట కూసుంటివి, కండె, కండె అనుకుంట."

మా అవ్వ లోపలికి వచ్చింది. "పోనియ్యే కోడలా. మొగోడన్నంక ఒకటి..."

"నువ్వు ఊకో అత్తా" అన్నది చంద్రవ్వ. పెండ్లయి పన్నెండేండ్లకు మా అవ్వను అట్ల అనుడు అదే మొదలు. మా అవ్వ మళ్ల అరుగు మీదికి పోయింది.

ఆమె లేసింది. నా మగ్గం పక్క ఉన్న రాట్నం ఎత్తింది. తలుపు కాడికి తీసుకపోయి పెట్టింది. దాని మీద తన ఇంకో చీర మడిచి పెట్టింది. పొయ్యి మీది కుండ దించింది.

"రేపటి సంది నీకు కండెలు చుట్టను. నేను రేపు ఏడో నెంబరు ఇంట్ల పొయ్యి పెడ్త. సావుకారు ఉన్నా పెడ్త, పెద్ద సాబు ఉన్నా పెడ్త. తలుపుకు గొళ్లెం పెట్టుకోని లోపల ఉంట. బిడ్డ నాతోని వస్తది. నువ్వు వస్తవా రావా, అది నీ ఇష్టం. వస్తే తలుపు కొట్టాలె."

సావుకారు నాకు ముందే చెప్పి పెట్టిండు. ఉతికిన ధోతి కట్టుకోని ఏడో నెంబరు ముందట నిలబడు, పెద్ద సాబు చేతికెల్లి తాళంచెవి తీసుకో, జీపు పోంగనే నా చేతిల పెట్టు అని. ధోతి దండెం మీద ఆరేసి ఉండె.

తెల్లారి నేను ఆ ధోతి కట్టలే. గడ్డపార, పార తీసుకోని గడ్డ మీదికి పోయిన. ఏడో నెంబరు ఇంట్ల, ఆమె పరిచిన బండలల్ల రెండు లేపిన. సందులు ఇంకా పచ్చిగనే ఉన్నయి. కింద మొరం. గడ్డపార దిగకపోతుండె. తవ్విన. హమీద్ వచ్చి తలుపుల నిలబడ్డడు. "అన్నా, నా నౌకరి తింటవా?" అన్నడు. కొద్దిసేపు చూసిండు. "నేను చూడలే" అని ఎనుకకు తిరిగి, సుత్తె లోపలికి జరిపి పోయిండు.

సావుకారు వచ్చిండు. "ఏయ్ అంతిగా! పోస్టు మాస్టరుకు మాటిచ్చిన ఇల్లురా అది! గుంట తవ్వినంక కిరాయికి ఎవడుంటడు? రేపటి సంది నీకు నూలు ఎవడిస్తడో చూస్త!"

నేను తవ్విన. ఇంతల జీపు వచ్చింది. సావుకారు మొకం మార్చుకోని పూలదండ పట్టుకోని ఉరికిండు.

పెద్ద సాబు కాయితం పట్టుకోని ఇంటింటికి వచ్చిండు. "ఏడో నెంబరు, అంతయ్య. గుంట ఒకటి." లోపలికి తొంగి చూసిండు. గుంట ఉన్నది. నేను దాంట్ల నిలబడి ఉన్న. ఇరువై నాలుగు ఇండ్లల్ల కాయితంల రాసింది కండ్లకు కనబడ్డది ఆ ఒక్క ఇంట్లనే. సాబు తలూపి, తాళంచెవి చాపిండు.

నా చేతులు మన్ను. "ఆమెకియ్యుండ్రి" అన్న.

చంద్రవ్వ అప్పుడే వచ్చింది. తల మీద కుండ, సంకల రాట్నం, ఎనుక బిడ్డ. కుండ దించి తాళంచెవి తీసుకున్నది. కొంగున కట్టుకున్నది. సాబు ఎనిమిదో నెంబరుకు పోయిండు, ఎనుక సావుకారు పోయిండు.

మా దాంట్ల ఆడోళ్లు గుంటల దిగరు. ఆమె వచ్చి అంచు మీద కూసున్నది. నేను పక్కకు జరిగిన. కాళ్లు లోపలికి దించి చూసుకున్నది. మోకాళ్లు పైకి లేసి ఉన్నయి.

"ఇంకో జానెడు తియ్యి" అన్నది.

తీసిన.